దొర విలనైన నవలని ఎలా చదవాలి: తాళంచెవి, సంతకం, నాలుగు కోడిపుంజులు

పాత ఐరోపా నవలల్లో విలన్ దొర అయిన కథ ఎవరినైనా చెప్పమనండి, రెండు ముక్కల్లో తేల్చేస్తారు. డబ్బున్న దుర్మార్గుడు, దిక్కులేని అమ్మాయి, చివరికి వాడు చస్తాడు. నేనూ చాలాకాలం అలాగే చదివాను. వాడి మీద కోపం, ఆమె మీద జాలి. పుస్తకం మూసేసరికి రెండూ చల్లారిపోయేవి. తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. వాడు ఎంత చెడ్డవాడన్నది పక్కన పెట్టి, అంత చెడ్డగా ఉండే వీలు వాడికి ఎవరిచ్చారో వెతకడం. అప్పట్నుంచి ఈ నవలలు వేరేగా కనిపిస్తున్నాయి. ఎలా వెతకాలో వరసగా చెబుతాను. కథల ముగింపులు మధ్యలో బయటపడతాయి, అది ఇష్టం లేనివాళ్ళు పుస్తకాలు చదివాకే ఇక్కడికి రండి.

మొదలుపెట్టే ముందు

ఒక నోట్‌బుక్, ఒక పెన్సిల్ చాలు. పుస్తకాల కోసం ఖర్చు పెట్టనక్కర్లేదు, ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొన్న ప్రతి అయితే ముందుమాట చివర్లో చదవండి. క్లాసిక్‌లకి ముందుమాట రాసే పండితులకి కథంతా ముందే చెప్పేసే జబ్బు ఉంటుంది.

మొదటి పుస్తకంగా విల్కీ కాలిన్స్ 'ది వుమన్ ఇన్ వైట్' పట్టుకోండి. 1859 నవంబరు నుంచి 1860 ఆగస్టు దాకా వారంవారం సీరియల్‌గా వచ్చిన నవల అది. మన వారపత్రికల సీరియల్స్ చదివి పెరిగినవాళ్ళకి దాని ఊపు వెంటనే అందుతుంది. రెండోది ఇటలీ నవల, మాంజోని రాసిన 'ది బిట్రోత్డ్'. మూడోది ఫ్రెంచి నవల 'డేంజరస్ లియేజాన్స్', 175 ఉత్తరాలు. శామ్యూల్ రిచర్డ్‌సన్ 'క్లారిస్సా' మాత్రం ఆఖరున. 1747, 48ల్లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఆ పుస్తకంలో 537 ఉత్తరాలు, తొమ్మిది లక్షల పైచిలుకు మాటలు. దానితో మొదలుపెట్టి నేను రెండుసార్లు చేతులెత్తేశాను. మూడోసారి గట్టెక్కించిన చిట్కా ఒకటుంది. ఆ ఉత్తరాలు జనవరి 10న మొదలై డిసెంబరు 18తో ముగుస్తాయి. ఏ తేదీ ఉత్తరం ఆ తేదీనే చదవండి. కొన్ని రోజులు ఏమీ ఉండదు, కొన్ని రోజులు అరపూట పడుతుంది. ఆమె ఉత్తరం రాకపోతే మనకీ టెన్షన్ పట్టుకుంటుంది.

ఒకటో అడుగు: బిరుదుని తెలుగు చెయ్యకండి

మనకి చటుక్కున నోటికొచ్చే మాట 'జమీందారు'. తెలంగాణవాళ్ళకైతే 'దొర', దాంతోపాటే గడీ, వెట్టి కళ్ళముందుకొస్తాయి. ఆ ఊహ కొంతవరకు పనికొస్తుంది, తర్వాత అడ్డమొస్తుంది. ఎందుకంటే ఒక్కో బిరుదు వెనక ఒక్కో రకం బలం ఉంటుంది. నోట్‌బుక్ మొదటి పేజీలో విలన్ పేరు రాసి కింద మూడు ప్రశ్నలు వేసుకోండి. వాడి చేతిలో మనుషులున్నారా? వాడి బల్ల దగ్గర భోంచేసే అధికారులు ఎవరు? వాడి డబ్బు నిజంగా వాడిదేనా?

'ది బిట్రోత్డ్'లో దోన్ రోద్రిగోకి ఈ జవాబులు రాసి చూడండి. కథ 1628లో, స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లొంబార్దీలో. మనుషులున్నారు: 'బ్రావీ' అనే కిరాయి రౌడీలు. బల్ల దగ్గర న్యాయాధికారి ఉన్నాడు, ఊరి లాయరూ ఉన్నాడు. మిలాన్‌లో పలుకుబడి ఉన్న బాబాయి ఒకాయన ఉన్నాడు. ఇక ఈ మనిషి సొంతంగా చేసిందేమిటని చూస్తే పెద్దగా ఏమీ కనిపించదు. లూచియా అనే పల్లెటూరి అమ్మాయి మీద కన్నేశాడు, బంధువుతో పందెం కాశాడు. మిగతాదంతా ఆ ఏర్పాటే నడిపించింది.

'ది వుమన్ ఇన్ వైట్'లో సర్ పెర్సివల్ గ్లైడ్ బారోనెట్. అంటే తరతరాలుగా పేరు ముందు 'సర్' తగిలించుకోవచ్చు గానీ ప్రభువుల సభలో కుర్చీ ఉండదు. పైగా అప్పులు. ఆ బిరుదు కూడా వాడిది కాదని తర్వాత తెలుస్తుంది: తల్లిదండ్రులకి పెళ్ళే కాలేదు, చర్చి రిజిస్టరులో పెళ్ళి నమోదుని వాడే దొంగతనంగా చేర్చాడు. 1891 నాటి 'టెస్'లో అలెక్ డర్బర్‌విల్‌ది ఇంకో చోద్యం. వాళ్ళ నాన్న స్టోక్ అనే వ్యాపారి, పాత వంశాల జాబితాలో వెతికి ఆ ఇంటిపేరు తగిలించుకున్నాడు. అసలు ఆ వంశం రక్తం ఉన్నది పేదరాలు టెస్‌కి. కాబట్టి 'దొర కాబట్టి చెడిపోయాడు' అని రాసుకుంటే ఈ రెండు పుస్తకాలూ చేజారిపోతాయి.

ఒక హెచ్చరిక. కొత్త పెళ్ళికూతురి మీద మొదటి హక్కు దొరదే అనే చట్టం మధ్యయుగాల్లో ఉండేదని చాలామంది నమ్ముతారు. 1784లో పారిస్ రంగస్థలానికి ఎక్కిన ఫిగారో నాటకమూ, మోజార్ట్ దాని మీద కట్టిన సంగీతమూ ఆ నమ్మకాన్ని ఊరూరా తిప్పాయి. అలాంటి చట్టం నిజంగా ఉండేదనడానికి గట్టి ఆధారాలు లేవన్నదే ఎక్కువమంది చరిత్రకారుల మాట. దొరకి అలాంటి చట్టం అవసరం కూడా లేదు. ఉన్న చట్టాలే సరిపోయాయి. అది మూడో అడుగులో చూద్దాం.

రెండో అడుగు: తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడండి

నవలలో తలుపు గురించి వాక్యం వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి. 1794 నాటి 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడోల్ఫో'లో ఎమిలీకి కోటలో ఒక గది ఇస్తారు. అందులో రెండో తలుపు ఒకటుంది, ఎక్కడికో మెట్లు దిగిపోతాయి. లోపలివైపు ఒక్క గడియ లేదు, బయటివైపు రెండున్నాయి. ఆ అమ్మాయి బరువైన కుర్చీ లాక్కొచ్చి తలుపుకి అడ్డం పెడుతుంది. అంత లావు పుస్తకంలో దయ్యాలూ తెరలూ మరిచిపోయినా నాకు ఆ కుర్చీ గుర్తుంది.

'డేంజరస్ లియేజాన్స్'లో తాళంచెవి ఇంకా నేర్పుగా చేతులు మారుతుంది. సెసిల్‌కి పదిహేనేళ్ళు. ఆమెకి ప్రేమలేఖలు చేరవేస్తాననే నెపంతో వికౌంట్ వాల్మోన్ ఆమె గది తాళంచెవి అడుగుతాడు. 84వ ఉత్తరం తీసి చదవండి. తాళంచెవి ఎక్కడుంటుంది, దాని స్థానంలో ఏది పెట్టాలి, కిర్రుమనకుండా తాళానికీ మడతబందులకీ నూనె ఎలా రాయాలి, అన్నీ అక్కగారు చెల్లెలికి వంట నేర్పినంత ఓపిగ్గా రాస్తాడు. తన తలుపుకి తనే నూనె రాసుకుంది ఆ పిల్ల. 96వ ఉత్తరంలో వాడు లోపలికొస్తాడు.

'క్లారిస్సా'లో తోట వెనక గుమ్మం. ఆమెని తనతో తీసుకుపోవాలని చూస్తున్న దొర లవ్‌లేస్‌కి, నీతో రానని చెప్పడానికే క్లారిస్సా అక్కడికి వస్తుంది. ఇంట్లో పనిచేసే ఒకణ్ణి లవ్‌లేస్ ముందే కొనేశాడు. వాడు సరైన క్షణంలో లోపల కేకలు పెట్టి, ఇంటిల్లిపాదీ తరుముకొస్తున్నట్టు భ్రమ కల్పిస్తాడు. ఆమె గాభరాపడి పరిగెత్తుతుంది. తర్వాత జీవితాంతం లోకం ఆమెని 'లేచిపోయిన పిల్ల' అంటుంది. ఈ మాట మనకి కొత్తగా తెలుగు చెయ్యనక్కర్లేదు.

మూడో అడుగు: సంతకం పెట్టించే చోట నెమ్మదించండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. ప్రేమ సన్నివేశాలు వేగంగా చదివినా పరవాలేదు. వీలునామా, పెళ్ళి ఒప్పందం, రిజిస్టరు, మరణ ధ్రువపత్రం వచ్చినప్పుడు మాత్రం ఆగాలి.

'ది వుమన్ ఇన్ వైట్'లో పెర్సివల్‌ని పెళ్ళాడబోయే లారా ఫెయిర్లీ కేసు పూర్తిగా చూద్దాం. ఇరవయ్యొకటి నిండితే ఆమె చేతికి ఇరవై వేల పౌన్లు వస్తాయి. పెళ్ళి అంతకుముందే, డిసెంబరు 22న పెట్టుకున్నారు. ఆ డబ్బు లారా తన ఇష్టం వచ్చినవాళ్ళకి రాసుకునేలా ఒప్పందం ఉండాలని ఇంటి లాయరు గిల్మోర్ పట్టుబడతాడు. పిల్లలు లేకుండా భార్య పోతే అసలు మొత్తం పెళ్ళికొడుక్కే రావాలని అతని తరఫు లాయరు అంటాడు. అంటే భార్య చావుకి ధర కట్టి కాగితం మీద పెట్టినట్టే. గార్డియన్‌గా ఉన్న బాబాయి ఒక్క మాట 'కుదరదు' అంటే ఆగిపోయేది. ఆయనకి నరాల బలహీనత, గొడవలంటే విసుగు. నన్ను వదిలెయ్యండి బాబూ అన్నాడు. ఆ అమ్మాయి నాశనం మొదలైంది ఆ విసుగు దగ్గర.

పెళ్ళయింది. ఇప్పుడు పెర్సివల్ ఇల్లు బ్లాక్‌వాటర్ పార్క్‌లో లైబ్రరీ గదికి రండి. పెర్సివల్ బీరువా తీసి, పొడవునా ఎన్నో మడతలు పెట్టిన పత్రం ఒకటి బల్ల మీద పెడతాడు. ఆఖరి మడత ఒక్కటే విప్పుతాడు. అక్కడ రాత లేదు, సంతకాల చోట అంటించిన చిన్న బిళ్ళలు మాత్రమే. రాసిందంతా మడతల్లో, వాడి అరచేతి కింద. ఇక్కడ సంతకం పెట్టు అంటాడు. ఇదేమిటని లారా అడుగుతుంది. చెప్పే టైమ్ లేదు, గుమ్మంలో బండి సిద్ధంగా ఉంది, ఆడవాళ్ళకి ఇవన్నీ ఎందుకు అంటాడు. గిల్మోర్ గారు ఎప్పుడూ వివరించేవారే అని ఆమె అంటే, వాడు నీ నౌకరు కాబట్టి చెప్పాడు, నేను నీ మొగుణ్ణి, చెప్పక్కర్లేదు అని జవాబు. లారా కలం పడేసి వెళ్ళిపోతుంది.

ఈ సీన్ చదివేటప్పుడు నాకు మన రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలే కనిపిస్తాయి. 'ఇక్కడొకటి, ఇక్కడొకటి పెట్టమ్మా' అంటూ వేలు చూపించే తమ్ముళ్ళు, మరుదులు.

ఆ రోజుల ఇంగ్లండు చట్టం గురించి ఒక్క ముక్క తెలిస్తే చాలు. ప్రత్యేకంగా ఒప్పందం రాసుకోకపోతే భార్య నగదూ సొమ్మూ భర్తవే. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 1882లో వచ్చాకే అది గట్టిగా మారింది. అంటే సంతకం పెట్టనని లారా మొరాయించగలిగింది కూడా గిల్మోర్ రాసిన ఆ కాస్త ఒప్పందం పుణ్యాన.

సంతకం రాకపోతే ఆ దొర ఏం చేశాడు? స్నేహితుడు కౌంట్ ఫోస్కోతో కలిసి మనిషినే మార్చాడు. లారా చనిపోతే ఫోస్కో భార్యకి పది వేల పౌన్లు వస్తాయి, ఆ లెక్క ఆయనకుంది. లారా పోలికలున్న ఆన్ క్యాథరిక్ జబ్బుతో చనిపోతే ఆమెని లారా పేరుతో పాతిపెడతారు. లారాని ఆన్ పేరుతో పిచ్చాసుపత్రిలో పెడతారు. అక్కడ నర్సు లారా ఒంటి మీది బట్టలే తీసి చూపిస్తుంది: ఇదిగో, నీ బట్టల మీద నీ పేరే ఉంది, ఇంక గోల చెయ్యకు. బట్టల మీద ఉన్నది ఆన్ క్యాథరిక్ పేరు. కాగితం, సమాధి రాయి, లోదుస్తుల మీది కుట్టు, అన్నీ ఒకే అబద్ధం చెబుతుంటే మనిషి నోటి మాటకి విలువెక్కడ?

నాలుగో అడుగు: సాయపడ్డవాళ్ళ జాబితా

నోట్‌బుక్‌లో ఒక పేజీ వీళ్ళకి. చెడ్డవాళ్ళనే రాయకండి. భయపడ్డవాళ్ళు, విసుక్కున్నవాళ్ళు, భోజనానికి పిలిస్తే వెళ్ళినవాళ్ళు కూడా.

దీనికి నాకు తెలిసిన గొప్ప సీన్ మాంజోనిది. లూచియా పెళ్ళి చేస్తే చూసుకో అని దోన్ రోద్రిగో రౌడీలు బెదిరిస్తే పూజారి దోన్ అబ్బోందియో వణికిపోయి పెళ్ళి ఆపేస్తాడు. పెళ్ళికొడుకు రెంజో న్యాయం కోసం లాయరు దగ్గరికి బయల్దేరతాడు. ఉత్త చేతులతో ఎలా వెళ్తాడు? ఆదివారం పెళ్ళి విందు కోసం మేపిన నాలుగు కోడిపుంజుల్ని కాబోయే అత్తగారు కాళ్ళు కట్టి ఇస్తుంది. దారిలో అతను కోపంతో చేతులూపుతున్నప్పుడల్లా తలకిందులుగా వేలాడే ఆ కోళ్ళు ఊగిపోతుంటాయి. ఆ అవస్థలోనూ ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటాయి. కష్టంలో ఉన్నవాళ్ళు తరచూ ఇలాగే చేస్తారని రచయిత ఒక్క మాట విసిరి ముందుకెళ్ళిపోతాడు.

లాయరు రెంజోని చూసి వీడే ఎవరో రౌడీ అనుకుంటాడు. పెళ్ళి చెయ్యొద్దని పూజారిని బెదిరిస్తే శిక్ష అని రాసున్న 1627 నాటి ఉత్తర్వు తీసి, దీన్నుంచి నిన్ను తప్పిస్తాలే అన్నట్టు హుషారుగా చదువుతాడు. గమనించండి, చట్టం ఉంది. సరిగ్గా ఈ నేరానికే ఉంది. బాబూ, బెదిరించింది నేను కాదు, నన్నే బెదిరించారు, బెదిరించింది దోన్ రోద్రిగో అని రెంజో అనేసరికి ఆ కాగితమే ఉత్త కాగితం అయిపోతుంది. లాయరు బయటికి నెట్టిస్తాడు, కోళ్ళు కూడా తిరిగిచ్చేస్తాడు. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ముసలమ్మ అలాంటి ఆజ్ఞ ఎన్నడూ విని ఎరగదు. తర్వాతి అధ్యాయాల్లో దోన్ రోద్రిగో భోజనాల బల్ల దగ్గర ఇదే లాయరు కూర్చుని తింటూ కనిపిస్తాడు.

మనకి ఈ అడుగు నేర్పడానికి ఇటలీ దాకా పోనక్కర్లేదు నిజానికి. విరాటపర్వంలో సైరంధ్రిని మద్యం తెమ్మనే నెపంతో కీచకుడి ఇంటికి పంపింది ఎవరు? సుధేష్ణ. ఆమె రాణి, వాడి అక్క. నిండు సభలో వాడు ద్రౌపదిని తన్నితే విరాటుడు కిక్కురుమనలేదు. తిక్కన చదివినవాళ్ళకి కీచకుడి మీద కన్నా ఆ సభ మీదే ఎక్కువ మంట పుడుతుంది. అదే చూపుతో దోన్ రోద్రిగో బల్లనీ చూడండి.

ఐదో అడుగు: కలం ఎవరి చేతిలో ఉంది

కథ ఎవరు చెబుతున్నారో ప్రతి అధ్యాయం నెత్తిన రాసుకోండి. ఈ విలన్లు మాటకారులు. లవ్‌లేస్ ఉత్తరాలు నవ్వొచ్చేలా ఉంటాయి, క్లారిస్సావి ఒక్కోసారి విసిగిస్తాయి. చాలామంది పాఠకులు వాడి మీద మనసు పడ్డారని రిచర్డ్‌సన్‌కి బెంగ పట్టుకుంది. తర్వాతి ముద్రణల్లో వాడి దుర్మార్గాన్ని ఎత్తిచూపే నోట్సు చేర్చుకుంటూ పోయాడు. పెద్దగా పనిచేసినట్టు లేదు. రష్యన్‌లో ఇప్పటికీ ఆడవాళ్ళ వెంటపడే మనిషిని 'లవెలాస్' అంటారు, కొంచెం ముద్దుగానే. మీకూ వాడు నచ్చితే కంగారుపడకండి. ఏ వాక్యం దగ్గర నచ్చాడో అక్కడ గుర్తు పెట్టుకోండి, తర్వాత వెనక్కొచ్చి చూస్తే అక్కడ ఎవరి బాధ కనపడకుండా పోయిందో తెలుస్తుంది.

పరీక్ష కావాలంటే 'డేంజరస్ లియేజాన్స్' 48వ ఉత్తరం ఒక్కటీ విడిగా చదవండి. తను వలలో వేసుకోవాలని చూస్తున్న మదాం ద తూర్వెల్‌కి వాల్మోన్ రాసిన విరహ లేఖ అది. ఆవేశం, నిద్రలేని రాత్రి, ఈ బల్ల మీద రాస్తున్నాను అనే ముక్క. కళ్ళు చెమరుస్తాయి. తర్వాత 47వది చదవండి. వాడు ఆ బల్ల అన్నది పక్కన పడుకున్న వేశ్య వీపుని. అంతకుముందు చదివిన ప్రతి మాటకీ రెండో అర్థం పుట్టుకొస్తుంది. పాపం, తూర్వెల్ చేతికి చేరింది మాత్రం 48 ఒక్కటే.

కాలిన్స్ ఇదే పని ఇంకా భయంకరంగా చేస్తాడు. లారా అక్క మారియన్ డైరీ రాస్తుంటుంది, మనం నమ్మకంగా చదువుతుంటాం. ఆమె జ్వరంతో పడిపోతుంది, చేతిరాత చెదిరిపోతుంది. పేజీ తిప్పితే డైరీలో ఇంకో చేతిరాత. కౌంట్ ఫోస్కో మొత్తం చదివేసి, రచన చాలా బాగుందని మెచ్చుకుంటూ కింద రాసి పెట్టాడు.

మరి ఎవరికి కలమే అందలేదు? ఆన్ క్యాథరిక్. పుస్తకం పేరు ఆమెదే, తెల్లబట్టల మనిషి ఆమే. ఆ నవలలో ఎంతోమంది తలా కొంత కథ చెబుతారు, వంటమనిషి సహా. ఆన్‌కి ఒక ఆకాశరామన్న ఉత్తరం, ఒక చీటీ మిగిలాయి. చనిపోయాక కొన్నాళ్ళు సమాధి మీద కూడా ఆమె పేరు లేదు.

ఆరో అడుగు: ఆమె దేన్ని వద్దందో రాయండి

బాధితురాలు అనగానే ఏడుపు లెక్కపెడతాం. దానికి బదులు ఆమె 'వద్దు' అన్నవి లెక్కపెట్టండి. మత్తు పెట్టి చెరిచిన తర్వాత లవ్‌లేస్ పెళ్ళి చేసుకుంటానంటాడు. ఆ కాలం లెక్క ప్రకారం పరువు దక్కే దారి అదొక్కటే, అయినవాళ్ళూ అదే మంచిదంటారు. క్లారిస్సా ఒప్పుకోదు. తన శవపేటిక తనే చేయించుకుని గదిలో పెట్టించుకుంటుంది, దాన్నే బల్లగా చేసుకుని ఉత్తరాలు రాస్తుంది.

1899 నాటి టాల్‌స్టాయ్ 'పునరుత్థానం'లో ప్రిన్స్ నెహ్ల్యూదొవ్ పనిపిల్ల కత్యూషాని అనుభవించి, వెళ్తూ వంద రూబుళ్ళ నోటు ఆమె చేతిలో కుక్కుతాడు. ఏళ్ళ తర్వాత ఆమె హత్య కేసులో బోనులో నిలబడితే వాడు జ్యూరీలో కూర్చుంటాడు. పశ్చాత్తాపంతో పెళ్ళాడతానని సైబీరియా దాకా వెంట నడుస్తాడు. ఆమె వద్దంటుంది. నవల వాడిది, ఆ 'వద్దు' ఆమెది. ఈ వాక్యం దొరికే దాకా ఆ పుస్తకం నాకు ఉత్త ఉపన్యాసంలా ఉండేది, ఒప్పుకుంటాను.

ఏడో అడుగు: శిక్ష ఎవరు వేశారు?

ఆఖరి పేజీలో దీనికి జవాబు రాయండి. దోన్ రోద్రిగోని 1630 ప్లేగు తీసుకుపోయింది, అప్పటికే సొంత రౌడీ వాణ్ణి అమ్మేశాడు. పెర్సివల్ దొంగ రాత చేర్చిన రిజిస్టరు ఉన్న చర్చి గదిలోనే మంటల్లో కాలిపోయాడు. లవ్‌లేస్, వాల్మోన్ ఇద్దరూ ద్వంద్వయుద్ధంలో పోయారు, అంటే వాళ్ళ వర్గం మర్యాద ప్రకారమే. కోర్టు బోనెక్కినవాడు వీళ్ళలో ఒక్కడూ లేడు. 'టెస్'లో అలెక్‌ని టెస్ స్వయంగా పొడిచి చంపింది. ఉరి ఆమెకి పడింది. ఈ జాబితా మీ చేత్తో మీరు రాసుకుంటే తప్ప దాని బరువు తెలియదు.

లెక్క తప్పే పుస్తకం ఒకటుంది, అందుకే దాన్ని చివరికి ఉంచాను. 1619లో అచ్చయిన స్పానిష్ నాటకం 'ఫ్వెంతె ఒవెహూన', రాసింది లోపె ద వేగ. 1476లో అదే పేరున్న ఊళ్ళో నిజంగా జరిగిన గొడవ దానికి ఆధారం. ఊరిని ఏలుతూ అక్కడి ఆడపిల్లల్ని చెరపడుతున్న దొర, కమాండర్, లౌరెన్సియా అనే అమ్మాయిని పెళ్ళిపందిట్లోంచి లాక్కుపోతాడు. ఆమె తప్పించుకుని జుట్టు విరబోసుకుని మగవాళ్ళ సభలోకి వచ్చి నిలబడి, కడిగి పారేస్తుంది. ఊరంతా కలిసి కమాండర్‌ని చంపేస్తుంది. రాజు పంపిన న్యాయాధికారి ఆడా మగా పిల్లా జెల్లా అని చూడకుండా చిత్రహింసలు పెడతాడు. కమాండర్‌ని చంపిందెవరు? ఒక ముసలాణ్ణి బల్ల మీద సాగదీసి అడిగారు. ఫ్వెంతె ఒవెహూన, అన్నాడు. ఒక పిల్లవాణ్ణి అడిగారు. ఫ్వెంతె ఒవెహూన. మూడు వందల మంది, ఒకటే పేరు, ఊరి పేరు. మీ నోట్‌బుక్ నాలుగో అడుగులో వేసుకున్న జాబితా పక్కన ఈ పేజీ పెట్టి చూడండి.